కిమ్ అధ్యక్షుడా, అధినేతా, నియంతా? కొరియా నాయకుల పేర్లు వార్తల్లో ఎలా రాయాలి

మీ ప్రశ్న ఇది: కొత్తగా పత్రిక డెస్కులో చేరారు, అంతర్జాతీయం పేజీ చూస్తున్నారు. ఉత్తర కొరియా వార్తలో "అధ్యక్షుడు కిమ్" అని రాస్తే ఒక సీనియర్ "అధినేత" అని దిద్దారు. మర్నాడు అదే మాటను ఇంకో సీనియర్ "నియంత" అని మార్చారు. దక్షిణ కొరియా అధ్యక్షుడు లీ జే మ్యుంగ్ వార్తలో "మ్యుంగ్ అన్నారు" అని రాస్తే కొట్టేసి "లీ అన్నారు" అని పెట్టారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఏది సరైనదని అడిగారు.

నేను చాలా ఏళ్లు వార్తా ఏజెన్సీలు ఇంగ్లీషులో పంపే కాపీలు తెలుగు చేసే పని చేశాను, అందులో ఎక్కువ కాలం ఆసియా వార్తలే. కొరియా పేర్ల దగ్గర నేను చేసిన తప్పులు తక్కువేం కాదు, అందుకే కొంచెం పొడుగ్గా చెబుతాను.

ముందు పేరు సంగతి. కొరియాలో ఇంటిపేరు ముందు వస్తుంది, తర్వాత అసలు పేరు, అది ఎక్కువగా రెండక్షరాలు. కిమ్ జోంగ్ ఉన్‌లో కిమ్ ఇంటిపేరు, జోంగ్ ఉన్ పేరు. ఇది తెలుగువాళ్లకి వింతగా అనిపించకూడదు, మనమూ నారా చంద్రబాబు నాయుడు అనే రాస్తాం, ఇంటిపేరు ముందే పెడతాం. తేడా ఎక్కడంటే, మనం రెండోసారి ప్రస్తావించేటప్పుడు "నారా అన్నారు" అనం, "చంద్రబాబు అన్నారు" అంటాం. కొరియాలో దానికి పూర్తిగా తిరగేసి: రెండోసారి ఇంటిపేరే, దాని పక్కన పదవి. ఒట్టి పేరుతో పిలవడం అక్కడ ఇంట్లోవాళ్లకీ, చిన్ననాటి స్నేహితులకీ ఉండే చనువు. అందుకే "జోంగ్ ఉన్ హెచ్చరించారు" అని రాస్తే కొరియా తెలిసినవాళ్లకి చెవిలో ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది. చివరి అక్షరాన్ని ఇంటిపేరనుకుని "ఉన్ అన్నారు" అనడం ఇంకా పెద్ద తప్పు. ఇంగ్లీషు పేర్లలో ఇంటిపేరు చివర ఉంటుందన్న అలవాటుతో చేసే పొరపాటు ఇది.

దీనికి నాకు బాగా గుర్తున్న ఉదాహరణ బాన్ కీ మూన్. 2007 నుంచి 2016 చివరిదాకా ఆయన ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి. ఆయన ఇంటిపేరు బాన్. మన దగ్గర మాత్రం "మూన్ ఆందోళన", "మూన్ పిలుపు" అని హెడ్డింగులు వచ్చాయి, నేనూ పెట్టాను. తర్వాత 2017లో దక్షిణ కొరియాకి మూన్ జే ఇన్ అధ్యక్షుడయ్యారు, ఈయనకి మూన్ నిజంగానే ఇంటిపేరు. పదేళ్లు ఒక మూన్‌ని తప్పుగా రాసి, ఆ వెంటనే ఇంకో మూన్‌ని సరిగ్గా రాయాల్సి వచ్చేసరికి డెస్కులో అందరికీ అయోమయమే. ఈ వరసకి లొంగని పేరు ఒకటుంది, సింగ్మన్ రీ. దక్షిణ కొరియా మొదటి అధ్యక్షుడు, 1948 నుంచి 1960 వరకు. అమెరికాలో చాలా కాలం ఉన్న మనిషి కాబట్టి ఇంటిపేరు చివర పెట్టుకున్నారు, ప్రపంచమంతా అలాగే స్థిరపడింది. అక్కడ "రీ" ఇంటిపేరు.

ఇక ఇంటిపేరే రాయాలి అన్నాక వచ్చే చిక్కు కిమ్‌ల సంఖ్య. దక్షిణ కొరియాలో ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా కిమ్‌లే. కిమ్, లీ, పార్క్ మూడూ కలిపితే జనాభాలో సగానికి దగ్గరగా వస్తారు. 2000 జూన్‌లో మొదటిసారి రెండు కొరియాల నాయకులు ప్యాంగ్యాంగ్‌లో కలిసినప్పుడు ఒకరు కిమ్ డే జంగ్, ఇంకొకరు కిమ్ జోంగ్ ఇల్. ఆ వార్తలో "కిమ్ అన్నారు" అని రాస్తే ఏ కిమ్? ఇలాంటి చోట నియమాన్ని పక్కన పెట్టి ప్రతిసారీ పూర్తి పేరు రాయడమే మంచిది, చోటు కలిసి రాకపోతే "దక్షిణ కొరియా అధ్యక్షుడు", "ఉత్తర కొరియా నేత" అని పదవితో తిప్పండి.

కొరియావాళ్లే ఈ చిక్కుకి ఒక దారి కనిపెట్టుకున్నారు, అది మనకి బాగా తెలిసిన దారే. మనం ఎన్టీఆర్, వైఎస్సార్, కేసీఆర్ అన్నట్టే వాళ్లు కిమ్ డే జంగ్‌ని డీజే అన్నారు, కిమ్ యంగ్ సామ్‌ని వైఎస్ అన్నారు, కిమ్ జోంగ్ పిల్‌ని జేపీ అన్నారు. ముగ్గురినీ కలిపి "ముగ్గురు కిమ్‌లు" అనేవాళ్లు, దశాబ్దాల పాటు అక్కడి రాజకీయం ఆ ముగ్గురి చుట్టూ తిరిగింది. తర్వాత అధ్యక్షుడైన లీ మ్యుంగ్ బాక్‌ని ఎంబీ అన్నారు. గమనించండి, ఈ పొడి అక్షరాల్లో ఇంటిపేరు లేదు, అందరికీ ఒకటే అయిన ఇంటిపేరుని పెట్టుకుని లాభం లేదు కదా. మన హెడ్డింగులో కేసీఆర్ అంటే చాలు, కానీ కొరియా వార్తలో డీజే అని పెడితే మన పాఠకుడికి పెళ్లి బారాత్‌లో పాటలు వేసేవాడే గుర్తొస్తాడు, కాబట్టి అది వాళ్ల పత్రికలకే వదిలేయండి.

నాయకుల అనుచర వర్గాల పేర్లు కూడా ఇలాగే ఒక్క అక్షరం మీద నడుస్తాయి. "చిన్" అంటే అనుకూలం. మాజీ అధ్యక్షురాలు పార్క్ గ్యున్ హే వర్గం చిన్-పార్క్, మూన్ వర్గం చిన్-మూన్, మాజీ అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ వర్గం చిన్-యూన్. లీ మ్యుంగ్ బాక్ కాలంలో ఆయన వర్గానికి ఇంటిపేరుతోనే పేరు పెట్టేశారు, అందుకని ఇప్పటి అధ్యక్షుడు లీ జే మ్యుంగ్ వర్గం దగ్గరికి వచ్చేసరికి పేరులోని చివరి అక్షరం తీసుకుని చిన్-మ్యుంగ్ అన్నారు. ఏజెన్సీ కాపీలో ఇలాంటి మాట కనిపిస్తే అదేదో పార్టీ పేరనుకుని అలాగే దించకండి, "లీ అనుకూల వర్గం" అంటే సరిపోతుంది.

స్పెల్లింగ్ గురించి రెండు ముక్కలు. ఇంగ్లీషు ఏజెన్సీలు ఉత్తర కొరియా పేర్లని మూడు విడి మాటలుగా, దక్షిణ కొరియా పేర్లని ఎక్కువగా మధ్యలో హైఫన్‌తో రాస్తాయి. ఆయా దేశాల అలవాటు అది. యూన్ సుక్ యోల్ లాంటివాళ్లు హైఫన్ లేకుండా రాసుకున్నారు, అందుకే హైఫన్ చూసి దేశం తేల్చేయకూడదు. తెలుగులో ఎలాగూ విడివిడిగా రాస్తాం, మనకి ఆ గొడవ లేదు. మనకున్న గొడవ ఇంగ్లీషు మీదుగా రావడం. పార్క్ అనే ఇంటిపేరు కొరియాలో పలికేది "పక్" అని, అందులో రకారమే లేదు. రో మూ హ్యున్‌లో రో నిజానికి "నో". చోయ్ అని మనం రాసేది "చ్వే"కి దగ్గర. లీ అనేది దక్షిణాన ఒట్టి "ఈ", ఉత్తరాన "రీ", అందుకే ఉత్తర కొరియా వార్తల్లో లీ జే మ్యుంగ్ పేరు కూడా రీ అయిపోతుంది. ఈ ఉచ్చారణలు తెలుగు లిపిలో ఇంగ్లీషు కన్నా బాగానే పడతాయి, కానీ "ఈ జే మ్యుంగ్" అని రాస్తే తెలుగు పాఠకుడు "ఈ" అంటే ఏ అని వెతుక్కుంటాడు. అందరికీ అలవాటైపోయిన లీ, పార్క్‌లనే ఉంచండి. కొత్త పేరు మొదటిసారి రాస్తున్నప్పుడు మాత్రం ఒక కొరియన్ వార్తా వీడియో విని రాయండి. జోంగ్, జాంగ్, జంగ్ మూడూ మన పత్రికల్లో కనిపిస్తాయి. అసలు శబ్దం అ-కీ ఒ-కీ మధ్యలో ఉంటుంది, నేను జోంగ్ రాస్తాను, మీ పత్రికలో ఏది ఉంటే అది రాయండి, కానీ ఒకే పేజీలో ఒకే మనిషికి రెండు స్పెల్లింగులు వద్దు. ఇంకొకటి, కిమ్ జోంగ్ ఇల్ పేరులో చివరి మాట ఇంగ్లీషు అక్షరాల్లో రోమన్ రెండులా కనిపిస్తుంది, "రెండో కిమ్ జోంగ్" అని చదివినవాళ్లున్నారు. 2014లో ఢిల్లీలో ఒక టీవీ వార్తల్లో చైనా అధ్యక్షుడు షీ పేరుని రోమన్ పదకొండుగా చదివారు, అదే రకం ప్రమాదం.

ఇప్పుడు పదవులు. దక్షిణ కొరియా సులువు, అక్కడున్నది ఎన్నికైన అధ్యక్షుడు, ఐదేళ్లు, ఒక్కసారే. కానీ వాళ్ల భాషలో ఆ సులువు కిందే బోలెడు సున్నితం ఉంది. పాత సైనిక పాలకుల కాలంలో అధ్యక్షుణ్ణి "కాఖా" అనేవాళ్లు, మన పాతకాలపు "ఘనత వహించిన" లాంటిది. కిమ్ డే జంగ్ వచ్చాక దాన్ని తీసేసి పదవి పేరుకి "నిమ్" చేర్చి పిలవడం స్థిరపడింది, నిమ్ అంటే దాదాపు మన "గారు". వార్తల్లో మాత్రం నిమ్ రాయరు, మనం వార్తలో గారు రాయనట్టే. "లీ అధ్యక్షుడు" అని ఇంటిపేరు, పదవి, అంతే. హెడ్డింగులో చోటు లేకపోతే ఇంటిపేరుకి ఒక్క చైనా అక్షరం పెట్టేస్తారు, ఉత్తర కొరియాకి "ఉత్తరం" అనే ఒక్క అక్షరం.

అసలు చిక్కు పదవి దిగిపోయాక మొదలవుతుంది. చున్ డూ హ్వాన్ సంగతి చూడండి. 1979 చివర్లో సైనిక కుట్రతో పైకొచ్చి, 1980లో గ్వాంగ్జూలో జనం మీద సైన్యాన్ని వదిలిన పాలకుడు. తిరుగుబాటు, రాజద్రోహం నేరాలకి శిక్ష పడి, 1997లో క్షమాభిక్షతో బయటికొచ్చాడు. శిక్ష పడిన మాజీ అధ్యక్షుడికి మాజీకి దక్కే మర్యాదలు చట్టప్రకారం పోతాయి. 2021 నవంబరు 23న ఆయన చనిపోయినప్పుడు అక్కడి పత్రికల ముందున్న మొదటి ప్రశ్న ఏమని రాయాలన్నదే. కొన్ని "మాజీ అధ్యక్షుడు చున్" అన్నాయి, కొన్ని ఒట్టి "చున్ డూ హ్వాన్ షి" అన్నాయి. షి అంటే శ్రీ లాంటిది, మామూలు మనిషికి సరిపోతుంది, దేశాధ్యక్షుడిగా చేసిన మనిషికి పెడితే మర్యాద తగ్గించినట్టే. ఆ ఒక్క మాటని బట్టి ఆ పత్రిక గ్వాంగ్జూ గురించి ఏమనుకుంటుందో పాఠకుడికి తెలిసిపోయింది. వ్యాసం చదవక్కర్లేదు. దీనికి తోడు ఆయన ఇంటిపేరు కొరియన్‌లో "చోన్", మాజీ అనే మాట కూడా "చోన్". రెండూ ఒకేలా రాస్తారు. "చోన్ అధ్యక్షుడు" అంటే చున్ అధ్యక్షుడని అర్థమా, మాజీ అధ్యక్షుడని అర్థమా అన్నది సందర్భం చూసి తెలుసుకోవాలి.

షి వల్ల ఇంకో గొడవ కూడా అయింది. హాంక్యోరే అనే ప్రగతిశీల దినపత్రిక అధ్యక్షుల భార్యలకి షి వాడేది, అందరూ సమానం అనే ఉద్దేశంతో. 2017లో మూన్ జే ఇన్ భార్యకి అలా రాస్తే పాఠకులు గట్టిగా నిరసన చెప్పారు, ఆ ఆగస్టులో పత్రిక తన పద్ధతి మార్చుకుని "యోసా" రాయడం మొదలుపెట్టింది. యోసా అంటే శ్రీమతి కన్నా కొంచెం ఎక్కువ మర్యాద. ఒక పత్రిక ఒక మాట మార్చడానికి పాఠకులకి వివరణ రాయాల్సి వచ్చిందంటే ఆ భాషలో ఇది ఎంత బరువైన విషయమో చూడండి.

ఇటీవలిది యూన్ సుక్ యోల్. 2024 డిసెంబరు 3 రాత్రి సైనిక శాసనం ప్రకటించారు, 14న పార్లమెంటు అభిశంసించింది, 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం పదవి నుంచి తొలగించింది. ఈ మధ్యకాలంలో ఏమని రాయాలి? డిసెంబరు 14 నుంచి ఏప్రిల్ 4 దాకా ఆయన అధ్యక్షుడే, అధికారాలు మాత్రం లేవు. తీర్పు వెలువడ్డాకే మాజీ. మన దగ్గర కొన్ని కాపీల్లో డిసెంబరులోనే "మాజీ అధ్యక్షుడు" అని రాసేశారు, అది తప్పు. ఆ నెలల్లో హాన్ డక్ సూ, చోయ్ సాంగ్ మోక్ "తాత్కాలిక అధ్యక్షులు", వాళ్లని ఒట్టి "అధ్యక్షుడు" అన్నా తప్పే. 2025 జూన్ 3న ఎన్నిక జరిగి లీ జే మ్యుంగ్ గెలిచారు, 4న ప్రమాణం చేశారు.

ఇక ఉత్తర కొరియా. మీ ప్రశ్నలో అసలు మెలిక ఇదే. అక్కడ ముగ్గురు కిమ్‌లకి మూడు రకాల పదవులు. కిమ్ ఇల్ సుంగ్ 1948 నుంచి ప్రధానమంత్రి, 1972లో కొత్త రాజ్యాంగం తెచ్చాక అధ్యక్షుడు, 1994లో చనిపోయేదాకా. కాబట్టి 1950 కొరియా యుద్ధం గురించి రాస్తూ "అధ్యక్షుడు కిమ్ ఇల్ సుంగ్" అనకూడదు. 1998లో రాజ్యాంగం మార్చి ఆ పదవిని ఆయనకే శాశ్వతం చేసేశారు, చనిపోయిన మనిషి "శాశ్వత అధ్యక్షుడు". అందుకే కొడుకు కిమ్ జోంగ్ ఇల్ ఎన్నడూ అధ్యక్షుడు కాలేదు, ఆయన జాతీయ రక్షణ కమిషన్ చైర్మన్. 2011 డిసెంబరులో ఆయన పోయాక ఆ పదవినీ శాశ్వతంగా ఆయనకే ఇచ్చేసి మనవడు కిమ్ జోంగ్ ఉన్‌ని "మొదటి చైర్మన్", పార్టీకి "మొదటి కార్యదర్శి" చేశారు. 2016లో పార్టీ చైర్మన్, అదే ఏడాది జూన్‌లో ప్రభుత్వ వ్యవహారాల కమిషన్ చైర్మన్. 2021 జనవరిలో పార్టీ ప్రధాన కార్యదర్శి. ఆ ఏడాదే వాళ్ల వార్తా సంస్థ ఇంగ్లీషు అనువాదంలో ఆ కమిషన్ పదవికి చైర్మన్ తీసేసి ప్రెసిడెంట్ అని రాయడం మొదలుపెట్టింది. కొరియన్ మాట మాత్రం మారలేదు, తాతకి వాడిన "అధ్యక్షుడు" అనే కొరియన్ మాట ఇప్పటికీ వేరే. ఈ కారణంగానే మీరు రాసిన "అధ్యక్షుడు" పూర్తిగా తప్పని అననుగానీ సరైన మాటైతే కాదు.

అక్కడి పత్రికల్లో పదవి కన్నా విశేషణమే ముఖ్యం. తాత "మహా నాయకుడు", తండ్రి "ప్రియ నాయకుడు", ఇప్పటి కిమ్ "గౌరవనీయ కామ్రేడ్". పార్టీ పత్రిక రోదోంగ్ సిన్మున్‌లో వీళ్ల పేర్లు మాత్రం చుట్టుపక్కల మాటల కన్నా ముద్దగా, పెద్దగా అచ్చవుతాయి. కంప్యూటర్లకి ఆ దేశం తయారుచేసుకున్న అక్షర ప్రమాణంలో నాయకుల పేర్లలోని అక్షరాలకి మామూలు అక్షరాలతో సంబంధం లేకుండా విడిగా సంకేతాలు కేటాయించారు. కామ్రేడ్ అనే మాటకి కూడా రెండు స్థాయులు, పెద్దలకి "తోంగ్జి", సాటివాళ్లకీ చిన్నవాళ్లకీ "తోంగ్ము". ఇవన్నీ తెలుగులోకి దించక్కర్లేదు, కానీ వాళ్ల ప్రకటనని ఉటంకిస్తున్నప్పుడు "గౌరవనీయ" లాంటిది కొటేషన్ లోపలే ఉండాలి, బయటికి జారి మన మాటగా కనపడకూడదు. అది నేను చూసిన చాలా కాపీల్లో జరిగిన పొరపాటు.

దక్షిణ కొరియా పత్రికలు ఈ కిమ్‌ని ఏమంటాయన్నది ఇంకా ఆసక్తికరం. వాళ్ల రాజ్యాంగం ప్రకారం కొరియా ద్వీపకల్పం మొత్తం దక్షిణ కొరియాదే, అంటే ఉత్తరాన ఇంకో దేశం ఉందని ఒప్పుకోవడమే ఇబ్బంది. చాలాకాలం ఒట్టి పేరే, పదవి లేకుండా. 1995 ఆగస్టులో అక్కడి జర్నలిస్టుల సంఘాలు కలిసి ఒక నియమావళి పెట్టుకున్నాయి: రెండు వైపుల దేశాల పేర్లనీ, పదవుల్నీ ఉన్నవి ఉన్నట్టు వాడాలి అని. 2000 శిఖరాగ్ర సమావేశం తర్వాత "కిమ్ జోంగ్ ఇల్ రక్షణ కమిషన్ చైర్మన్" అని రాయడం మామూలైంది. ఇప్పుడు కూడా ఎక్కువ పత్రికలు మొదటిసారి పదవితో పూర్తి పేరు, తర్వాత "కిమ్ చైర్మన్" అంటాయి, సంప్రదాయవాద పత్రికలు చాలాసార్లు ఒట్టి "కిమ్ జోంగ్ ఉన్" అంటాయి, క్షిపణి పరీక్ష జరిగిన రోజు ఈ ఒట్టి పేరు ఇంకా ఎక్కువ కనిపిస్తుంది.

ఉత్తరం వైపు నుంచి వచ్చేది తిట్లతో కలిసిన భాష. దక్షిణ కొరియా అధ్యక్షులు వాళ్లకి "కీలుబొమ్మలు", నచ్చనివాళ్ల పేరు పక్కన "ద్రోహి". దేశాన్ని దశాబ్దాల పాటు "దక్షిణ చోసోన్" అన్నారు, అంటే తమ దేశంలో దక్షిణ భాగం అని. 2023 జూలైలో కిమ్ జోంగ్ ఉన్ చెల్లెలు కిమ్ యో జోంగ్ ప్రకటనల్లో హఠాత్తుగా దక్షిణ కొరియా అధికారిక పేరు కనిపించింది, ఆ ఏడాది చివర్లో కిమ్ జోంగ్ ఉన్ రెండు కొరియాలూ ఇక శత్రు దేశాలే, ఒకే జాతి కాదు అన్నారు. మర్యాదగా అసలు పేరుతో పిలవడమే తెగతెంపుల సూచన అయింది.

అమెరికాలోనూ ఇదే. 2017 సెప్టెంబరులో ట్రంప్ ఐక్యరాజ్యసమితిలో కిమ్‌ని "రాకెట్ మ్యాన్" అన్నారు, కిమ్ తన పేరుతోనే ప్రకటన ఇచ్చి ట్రంప్‌ని మతి చెడిన ముసలివాడన్నారు. 2018 జూన్ 12న సింగపూర్‌లో చేతులు కలిపాక ట్రంప్ నోట అదే మనిషి "చైర్మన్ కిమ్". తొమ్మిది నెలలు కూడా పట్టలేదు.

ఇప్పుడు మన తెలుగుకి వద్దాం. మన దగ్గర "అధినేత" అనే మాట ఉండడం నిజంగా అదృష్టం. పదవి ఏదైనా సరే అధికారం ఆ మనిషి చేతిలో ఉందని చెబుతుంది, పొగడదు, తిట్టదు. ఉత్తర కొరియా వార్తకి నేను అదే వాడతాను. "నియంత" అబద్ధం కాదు, అక్కడ ఎన్నికలు ఎలా జరుగుతాయో, జైలు శిబిరాల గురించి ఐక్యరాజ్యసమితి విచారణ కమిషన్ 2014లో ఏం రాసిందో చదివినవాళ్లెవరూ ఆ మాటని కాదనరు. కానీ అది పదవి కాదు, అభిప్రాయం. సంపాదకీయంలో రాయండి, వ్యాసంలో రాయండి, వార్తలో పేరు ముందు బిరుదులా తగిలించకండి. ఒకవేళ మీ పత్రిక పద్ధతి నియంత అనే అయితే, లోకంలో మిగతా నియంతలకీ అదే రాస్తున్నారా అని చూడండి. మనతో మంచిగా ఉన్న దేశంలో రాజు, గొడవగా ఉన్న దేశంలో నియంత అయితే అది భాష కాదు, పక్షపాతం.

దీనికన్నా ఎవరూ పట్టించుకోనిది క్రియ చివర. కొరియన్‌లో షి, నిమ్ చేసే పనిని మన భాషలో "డు", "రు" చేస్తాయి. "లీ జే మ్యుంగ్ చెప్పారు, కిమ్ బెదిరించాడు" అని ఒకే వార్తలో పక్కపక్కన పెట్టినప్పుడు తీర్పు చెప్పేసినట్టే, నియంత అనే మాట వాడనవసరం కూడా లేదు. మన పత్రికల్లో "డు" దొంగతనం కేసు నిందితుడికి వాడతాం, దేశం నడిపే మనిషికి "రు". ఆ దేశం మనకి నచ్చినా నచ్చకపోయినా వార్తలో ఇద్దరికీ "రు" ఉండాలన్నది నా మాట. పైన నేను చున్ గురించి "బయటికొచ్చాడు" అని రాశాను, అది నా అభిప్రాయం చెప్పే చోటు, వార్త అయితే అలా రాయను. "హెచ్చరించారు", "ప్రకటించారు", "అన్నారు"ల మధ్య కూడా జాగ్రత్త, ఇంగ్లీషు కాపీలో "అన్నారు" ఉంటే మనం "హూంకరించారు" చేయకూడదు. కిమ్ వార్తల్లో ఈ హూంకరింపులు, కారాలు మిరియాలు నూరడాలు మరీ ఎక్కువ.

చివరిగా ఇంట్లోవాళ్లు. కిమ్ యో జోంగ్‌ని మనం "కిమ్ సోదరి" అని హెడ్డింగు పెడతాం, చోటు కోసం సరే, కానీ కాపీ లోపల ఆమె పార్టీలో ఏ హోదాలో మాట్లాడుతున్నారో రాయాలి, ఆమె ప్రకటనలు చెల్లెలిగా ఇచ్చేవి కాదు. వార్తలో ఇద్దరు కిమ్‌లూ ఉంటే ఆమెకి ప్రతిసారీ పూర్తి పేరు. కూతురి విషయంలో ఇంకా జాగ్రత్త. 2022 నవంబరులో క్షిపణి ప్రయోగం దగ్గర తండ్రి చెయ్యి పట్టుకుని మొదటిసారి కనిపించింది, ఆ తర్వాత అక్కడి మీడియా "ప్రియమైన బిడ్డ", "గౌరవనీయ బిడ్డ" అంటూ వచ్చిందిగానీ పేరు మాత్రం చెప్పలేదు. మనం రాస్తున్న జూ ఏ అనే పేరు 2013లో అక్కడికి వెళ్లొచ్చిన అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు డెన్నిస్ రాడ్‌మన్ చెప్పింది. అందుకే "కిమ్ కుమార్తె, జూ ఏగా భావిస్తున్న బాలిక" అని రాయండి. "వారసురాలు" అని హెడ్డింగు పెట్టమంటే, అన్నది దక్షిణ కొరియా గూఢచార సంస్థ అయితే ఆ సంస్థ పేరుతోనే పెట్టండి, మన మాటగా వద్దు.